చలికాలం బూట్లు: ఒకే జతతో మంచులో నడకా, ఆఫీసూ రెండూ గడుస్తాయా?

నీలిస్వెటర్ (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కొత్త ఉద్యోగం వల్ల ఈ చలికాలం నుంచి రోజూ బయట నడక తప్పదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. మంచు పడుతుంది, కొన్నాళ్లకి కరిగి రోడ్డంతా చిత్తడి అవుతుంది, రాత్రికి ఆ నీళ్లే గడ్డకట్టి తెల్లారేసరికి కాలు జారుతుంది. ఆఫీసులో సూటూ గీటూ అక్కర్లేదు, కానీ కొండ దిగి నేరుగా వచ్చినట్టు కనపడటం నాకు ఇష్టం లేదు.

షాపులో రెండు రకాలు చూశాను. ఒకటి చీలమండ దాకా వచ్చే స్వెడ్ (నూగు తోలు) బూట్లు. చూడగానే నచ్చేశాయి. రెండోది పిక్క సగం దాకా వచ్చే బరువైన మంచు బూట్లు. వెచ్చగా ఉన్నాయి గానీ అసలే పొట్టిదాన్ని, వాటిలో ఇంకా పొట్టిగా కనపడుతున్నాను. పాదం ముందు భాగం వెడల్పు, మడమ సన్నం. ఒకే జతతో సరిపెట్టాలని ఉంది. ఏం చూసి కొనాలో చెప్పండి, ఏ బట్టల మీదకి బాగుంటాయో కూడా చెప్పండి. సగం చెప్పి వదిలేయకండి :)

బురదరోడ్డు

ఒకే జత అన్న ఆలోచన ముందు పక్కన పెట్టండి. బయట చలికి సరిపడే బూటు హీటర్ వేసిన గదిలో ఎనిమిది గంటలు వేసుకుంటే లోపల చెమట పడుతుంది. సాయంత్రం ఆ తడి లైనింగ్‌తోనే బయటికి వస్తారు. తడి లైనింగ్ అంటే వెచ్చదనం సగం పోయినట్టే. దారికి బూట్లు, బల్ల కింద ఒక జత మామూలు షూస్. మా ఆఫీసులో సగం మంది చేసేది ఇదే.

తోలుపిచ్చి

బురదరోడ్డు గారితో సగమే ఒప్పుకుంటాను. ఆవిడ నడిచేది అరగంట. కాలు కదులుతున్నంతసేపూ ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. మంచులో నిలబడి పనిచేసే వాళ్లకీ, నడుచుకుంటూ పోయే వాళ్లకీ ఒకే బూటు చెప్పకూడదు.

డబ్బా మీద 200 గ్రాములు, 400 గ్రాములు అని ఉంటుంది చూడండి, అది బూటు బరువు కాదు. లోపల వేసిన ఇన్సులేషన్ ఒక చదరపు మీటరుకి ఎంత బరువుందో చెప్పే లెక్క. థిన్సులేట్ లాంటి వాటికి ఇలాగే రాస్తారు. నడిచే మనిషికి, సున్నాకి కాస్త అటూ ఇటూ ఉండే చలికి 200 చాలు. గట్టి చలి అయితే 400. 600, 800 పైన ఉన్నవి కదలకుండా గంటలు గంటలు బయట ఉండే వాళ్లకి. అవి వేసుకుని ఆఫీసులో కూర్చుంటే బురదరోడ్డు గారు చెప్పినట్టే అవుతుంది, అక్కడ వాదన లేదు. 200 గ్రాముల లైనింగ్, నున్నటి తోలు, రబ్బరు సోల్ ఉన్న బూటయితే మాత్రం రెండు చోట్లా నడిచిపోతుంది.

"మైనస్ 30 దాకా" అని కంపెనీ వేసే అంకెని పట్టించుకోకండి. అందరూ ఒకే పద్ధతిలో కొలవరు. ఒకరు నడిచే మనిషిని లెక్కలోకి తీసుకుంటారు, ఇంకొకరు ప్రయోగశాలలో కొలుస్తారు. ఒకే కంపెనీ బూట్లలో ఏది ఎక్కువ వెచ్చనో తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతే. భద్రతా బూట్ల మీద చలిని ఆపుతాయని చెప్పే సీఐ గుర్తు వేరే సంగతి, దానికి యూరప్ ప్రమాణాల్లో ఒక పరీక్ష ఉంది. మైనస్ 17 డిగ్రీల గదిలో 30 నిమిషాలు ఉంచితే లోపలి వేడి 10 డిగ్రీలకి మించి పడిపోకూడదు. పనివాళ్ల బూట్లకి తప్ప మామూలు వాటి మీద అది పెద్దగా కనపడదు.

పొట్టిలేసు

స్వెడ్ కొనండి. ఎండాకాలం చక్కగా వేసుకోవచ్చు.

కుట్టుమిషన్

పొట్టిలేసూ, వెటకారం కాస్త తగ్గించు. స్వెడ్ మంచులో అసలే పనికిరాదని కాదు. పొడి మంచులో, గడ్డకట్టిన చలిలో బాగానే ఉంటుంది. దానికి పడనిది చిత్తడి, ఉప్పు. నీలిస్వెటర్ గారు చెప్పింది సరిగ్గా ఆ వాతావరణమే కాబట్టి ఆవిడకి నేనూ చెప్పను. స్టైల్ గురించి విడిగా రాస్తాను, ఇప్పుడు పనిలో ఉన్నాను.

నడకరాయుడు

అందరూ వెచ్చదనం గురించే మాట్లాడుతున్నారు. చలికి వేళ్లు తిమ్మిరెక్కితే ఇంటికొచ్చి కాచుకోవచ్చు, జారిపడి మణికట్టు విరిగితే ఆరు వారాలు. ముందు సోల్ చూడాలి.

లోతైన గాళ్లు ఉన్న సోల్ అయితే ఐసు మీద పట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ గాళ్లు మెత్తటి మంచులో, బురదలో దిగబడి పట్టు ఇస్తాయి. ఐసు గట్టిగా, నున్నగా ఉంటుంది కాబట్టి దిగబడటానికి ఏమీ దొరకదు. అక్కడ పనిచేసేది రబ్బరు మెత్తదనం, నేలకి తగిలే వెడల్పు. మామూలు ప్లాస్టిక్ లాంటి సోల్ చలిలో బిగుసుకుపోయి జారుతుంది. చలికి మెత్తగా ఉండే రబ్బరు వేరేగా చేస్తారు. కొన్నాక ట్యాగులు తియ్యకుండా ఒక రాత్రి బాల్కనీలో పెట్టి, పొద్దున వేలిగోరుతో సోల్ నొక్కి చూడండి. గోరు గుర్తు పడి మెల్లగా మాయమైతే పర్వాలేదు. రాయి తగిలినట్టుంటే వెనక్కిచ్చేయండి.

ఇంకొకటి. సోల్ మీద "స్లిప్ రెసిస్టెంట్" అని ఉంటే ఐసుకి అనుకోకండి. యూరప్‌లో ఎస్ఆర్‌సీ అని వేసేవాళ్లు, దాని పరీక్ష సబ్బునీళ్లు పోసిన టైల్స్ మీద, గ్లిజరిన్ పోసిన స్టీలు మీద. వంటగదికి, ఫ్యాక్టరీకి మంచిదే. ఐసు పరీక్ష వేరు. టొరంటోలో ఒక పునరావాస పరిశోధన సంస్థ వాళ్లు నేలంతా ఐసు ఉన్న గదిని కొంచెం కొంచెంగా వంచుతూ, అందులో మనుషుల్ని నడిపించి చూస్తారు. ఏటవాలు 7 డిగ్రీలకి చేరేదాకా జారకపోతే ఆ బూటుకి ఒక మంచుపువ్వు గుర్తు ఇస్తారు. పొడి ఐసు మీదా, తడి ఐసు మీదా రెండింటి మీదా నిలబడాలి. ఫలితాలు ఆన్‌లైన్‌లో అందరికీ కనపడేలా పెట్టారు. మొదట్లో పరీక్షించిన వాటిలో ఎక్కువ భాగం ఆ ఒక్క గుర్తు కూడా తెచ్చుకోలేకపోయాయి.

నీలిస్వెటర్

తడి ఐసు, పొడి ఐసు అంటే? ఐసు అంటే ఐసే కదా.

నడకరాయుడు

సున్నా డిగ్రీల దగ్గర ఐసు పైన సన్నటి నీటి పొర ఉంటుంది, అన్నిటికన్నా జారేది అదే. మైనస్ 20లో అదే ఐసు మీద కాలు బాగా నిలుస్తుంది. అందుకే గట్టి చలి కన్నా, ఎండ వచ్చి కరుగుతున్న రోజు ఎక్కువమంది పడతారు. మీ వాతావరణం అదే, కాబట్టి చెబుతున్నాను.

ఎంత మంచి సోల్ అయినా తడి ఐసు మీద పూర్తి నమ్మకం పెట్టుకోవద్దు. బూటు మీద తొడుక్కునే చిన్న ముల్లుల పట్టీలు దొరుకుతాయి, రబ్బరుతో చేసినవి, సాగదీసి తొడిగితే చాలు. బ్యాగులో పడేసుకోండి. లోపలికి అడుగుపెట్టే ముందు తీసేయాలి, పాలరాయి మీద, టైల్స్ మీద అవే జారుస్తాయి.

బురదరోడ్డు

> 200 గ్రాముల లైనింగ్, నున్నటి తోలు, రబ్బరు సోల్ ఉన్న బూటయితే మాత్రం రెండు చోట్లా నడిచిపోతుంది

అన్నా, చిత్తడిలో తోలు ఎంతసేపు ఆగుతుంది? కుట్ల దగ్గర నీళ్లు దిగుతాయి. అడుగున రబ్బరు, పైన తోలు ఉన్న బూటు ఎందుకు చెప్పవు?

తోలుపిచ్చి

చెప్పొచ్చు, చిత్తడికి అంతకన్నా మంచిది లేదు. వేటకి వెళ్లినప్పుడు కాళ్లు తడుస్తున్నాయని ఎల్.ఎల్.బీన్ అనే అమెరికా బూట్ల కంపెనీ పెట్టిన లియోన్ లియోన్‌వుడ్ బీన్ ఒక శతాబ్దం కిందట రబ్బరు అడుగుకి తోలు పైభాగం కుట్టించాడు. మొదట అమ్మిన 100 జతల్లో 90 తిరిగొచ్చాయి, రబ్బరు నుంచి తోలు ఊడిపోయి. డబ్బులు వాపసు ఇచ్చి, మళ్లీ సరిచేసి అమ్మాడు. ఆ కుట్టు జాగా ఇప్పటికీ చూడాల్సిన జాగానే. కొనేటప్పుడు రబ్బరూ తోలూ కలిసే చోట వేలుతో వంచి చూడండి.

అయితే ఆ రకం బూటు ఆఫీసులో బాతు కాలిలా కనపడుతుంది. ఆవిడ అడిగింది ఆఫీసుకి కూడా. అందుకని లోపల వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న తోలు బూటు చెప్పాను. గోర్‌టెక్స్ లాంటి పొరని మేజోడులా కుట్టి బూటు లోపల అమరుస్తారు, కాబట్టి కుట్ల లోంచి నీళ్లు దిగినా అక్కడ ఆగిపోతాయి. చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. పైన ఉన్న తోలు నీళ్లు తాగి బరువెక్కితే ఆ ఆవిరి పోయే దారి మూసుకుంటుంది. పొర ఉంది కదా అని పైన మైనం రాయడం మానకూడదు.

నాలుక అంచుల్ని కూడా చూడండి. కొన్ని బూట్లకి నాలుక రెండు పక్కలా బూటుతో కలిపి కుట్టి ఉంటుంది, మంచు లేసుల మధ్య నుంచి లోపలికి రాదు. విడిగా వేలాడే నాలుక అయితే పొర ఎంత మంచిదైనా పైనుంచి తడుస్తారు.

పాతకీలు (బూట్లు బాగుచేసే పని)

సైజు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చే "చలికి పనికిరాని" బూట్లలో చాలావాటికి ఉన్న రోగం బిగువు. బూటు బిగుతైతే రక్తం సరిగా ఆడదు, వేళ్ల చుట్టూ ఉండాల్సిన గాలి ఉండదు. వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే. ఇక దానిలో రెండు జతల సాక్సులు వేసుకుంటే ఇంకా చల్లబడుతుంది.

సాయంత్రం వెళ్లి కొనండి, రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. చలికాలంలో వేసుకోబోయే సాక్సులు వెంట తీసుకెళ్లండి. నిలబడ్డాక పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, చేతి బొటనవేలు. రెండు పాదాలు ఒక్క కొలత ఉండవు, పెద్దదానికి చూసి కొనాలి. షాపులో మెట్లుంటే దిగి చూడండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి తగిలితే పొడవు చాలదు.

అంకెల లెక్క కూడా ఒకటి చెబుతాను, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి. యూరప్ సైజులో ఒక అంకె పెరిగితే అచ్చు పొడవు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బ్రిటన్, అమెరికా సైజుల్లో ఒక అంకెకి అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అర సైజు అంటే 4.2. అందుకే పట్టికలో ఒకదాని నుంచి ఇంకొకదానికి మార్చినప్పుడు ఖచ్చితంగా కలవదు. కాగితం మీద నిలబడి పాదం గీసుకుని మిల్లీమీటర్లలో కొలిచి, కంపెనీ ఇచ్చిన మిల్లీమీటర్ల పట్టిక చూసుకోవడమే మేలు.

నీలిస్వెటర్ గారికి ముందు వెడల్పు, వెనక సన్నం అన్నారు. వెడల్పు కోసం ఒక సైజు పెద్దది కొనకండి, అప్పుడు బూటు వంగే చోటు మీ పాదం వంగే చోటుకి ముందుకి పోతుంది. వెడల్పు అక్షరాలతో వచ్చేవి అడగండి. అమెరికా పద్ధతిలో ఆడవాళ్లకి మామూలు వెడల్పు బీ, దాని పైన డీ. లేసులున్న బూటే మీకు సరి. జిప్పు, ఎలాస్టిక్ వాటిలో మడమ దగ్గర బిగించుకునే వీలు లేదు.

కుట్టుమిషన్

ఇప్పుడు స్టైల్. ముందుగా ఒక మాట, "కొండ దిగి వచ్చినట్టు" కనపడేది వెచ్చదనం వల్ల కాదు. రంగు రంగుల లేసులు, ఇనుప కొక్కేలు, మడమ మీద మెరిసే పట్టీ, పక్కన పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, ఇవి తీసేస్తే అదే బూటు ఆఫీసులో కలిసిపోతుంది. కాబట్టి ఒకే రంగు తోలు, అదే రంగు లేసులు, అదే రంగుకి దగ్గరగా ఉన్న సోల్ చూడండి. తెల్ల సోల్, పసుపు కుట్టు వద్దు. లేసులు మార్చుకోవచ్చు. నేనైతే కొన్న రోజే ఎర్రచుక్కల లేసులు తీసి పారేసి నల్లవి వేసుకుంటాను.

పొడుగు, పొట్టి సంగతికొస్తే, బూటు ఎక్కడ ఆగుతోందన్నది ముఖ్యం. పిక్క బాగా లావుగా ఉండే చోట ఆగితే కాలు అక్కడ నరికినట్టు కనపడుతుంది. మీరు చూసిన పిక్క సగం బూట్లతో అదే జరిగింది. చీలమండకి కాస్త పైన, కాలు సన్నబడే చోట ఆగేవి గానీ, లేదంటే మోకాలి కిందికి వెళ్లేవి గానీ తీసుకోండి. మధ్యలో ఆగేవి పొడవైన వాళ్లకి వదిలేద్దాం.

రెండోది, బూటు రంగూ దాని పైన కనపడే రంగూ ఒకటైతే కాలు పొడవుగా కనపడుతుంది. నల్ల బూటుకి నల్ల ప్యాంటు, లేదా నల్లటి దళసరి టైట్స్ మీద స్కర్టు. ముదురు గోధుమ రంగు బూటయితే ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం. లేత రంగు జీన్స్ కింద నల్లటి దిట్టమైన బూటు పెడితే చూపు కాళ్ల దగ్గరే ఆగిపోతుంది. కొందరికి అదే ఇష్టం, తప్పేమీ లేదు, మీరు పొట్టి అన్నారు కాబట్టి చెప్పాను.

ప్యాంటు అంచు దగ్గర ఎక్కువమంది తడబడతారు. బూటు మెడ సన్నగా ఉంటే ప్యాంటు కాలు దాని మీద నుంచి జారాలి, లోపలికి దోపకూడదు. లేసులు లేకుండా పక్కల ఎలాస్టిక్ ఉండే చెల్సీ బూటుకీ ఇదే పద్ధతి, ప్యాంటు పైన. మెడ వెడల్పుగా, లేసులతో ఉంటే, కాలికి అతుక్కునే జీన్స్‌ని లోపలికి దోపొచ్చు, లేదా బూటు అంచుకి పైన ఆగేలా ఒక్క మడత వేయొచ్చు. రెండు మూడు మడతలు వేస్తే అక్కడ లావుగా తయారవుతుంది. తిన్నటి కాలున్న ప్యాంటు బూటు మీద పడి ముందు వైపు ఒక చిన్న ముడతతో ఆగితే చాలు. వెడల్పు కాళ్ల ప్యాంట్లు ఇప్పుడు అందరూ వేస్తున్నారు. వాటి కింద దళసరి సోల్ బూటు బాగా కుదురుతుంది, సన్నటి బూటు కనపడకుండా పోతుంది. కానీ చిత్తడి రోజు ఆ అంచు నీళ్లు పీల్చుకుని మోకాలి దాకా తడి ఎక్కుతుంది. ఆ రోజుకి కాస్త పొట్టి ప్యాంటు వేసుకోండి.

కోటు ఉంది కదా, దాని కింది అంచునీ బూటు పై అంచునీ అద్దంలో కలిపి చూడండి. పొడవాటి కోటుకి చీలమండ బూటు సరి. తొడ దాకా ఉండే కోటుకి మోకాలి బూటు బాగుంటుంది. కోటు మోకాలి దగ్గర ఆగి, బూటు పిక్క మధ్యలో మొదలైతే ఆ మధ్య మిగిలిన కాలి ముక్క ఎంత మంచి మనిషినైనా పొట్టి చేస్తుంది. హీలు కావాలంటే వెడల్పుది, మూడు నాలుగు సెంటీమీటర్లు దాటకుండా. సన్నటి హీలుతో ఐసు మీద నడవమని నా శత్రువుకి కూడా చెప్పను.

మొగవాళ్ల కోసం రెండు ముక్కలు: ముదురు గోధుమ రంగు, లేసులు, గుండ్రటి ముందు భాగం, పలుచటి రబ్బరు సోల్ ఉన్న బూటు ఊలు ప్యాంటు మీదకీ వస్తుంది, జీన్స్ మీదకీ వస్తుంది. మెరిసే నల్ల పాలిష్ బూటు జీన్స్ కింద వద్దు.

పొట్టిలేసు

మొగవాళ్లకి రెండు ముక్కలేనా?

కుట్టుమిషన్

మీరు కొనేది ఒకే బూటు, ఆ రెండూ చాలు.

చెల్సీ_ప్రియ

చెల్సీ బూట్లని పాతకీలు గారు ఒక్క మాటతో కొట్టేశారు. ఎలాస్టిక్ పక్కనున్నంత మాత్రాన మంచుకి పనికిరావా? నేను రెండు చలికాలాలుగా అవే వేస్తున్నాను. లోపలికి రాగానే విప్పడం సులువు, చేతులకి గ్లౌజులున్నా తొడుక్కోవచ్చు.

తోలుపిచ్చి

చెల్సీని నేను తక్కువ చెయ్యను. రబ్బరుని గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడియర్ 1844లో పేటెంట్ తీసుకున్నాకే నమ్మకంగా సాగే రబ్బరు బట్ట సాధ్యమైంది. దాన్ని పక్కలకి పెట్టి స్పార్క్స్-హాల్ అనే లండన్ బూట్ల తయారీదారు 1851లో పేటెంట్ తీసుకున్నాడు. విక్టోరియా రాణి ఆ రకం బూట్లు రోజూ వేసుకునేదని ఆయనే చెప్పుకున్నాడు. అంటే పుట్టుక నుంచీ నడకకే పెట్టిన బూటు. ఇప్పుడు చాలామంది సన్నటి తోలు సోల్‌తో చేస్తున్నారు, అక్కడ వచ్చింది చిక్కు. తోలు సోల్ తడిస్తే ఉబ్బుతుంది, ఐసు మీద పట్టే ఉండదు. రబ్బరు సోల్, లోపల పొర ఉన్న చెల్సీ అయితే వేసుకోండి. ఎలాస్టిక్ భాగం తోలంత అడ్డుకోదు కాబట్టి మడమ ఎత్తు మంచులో మాత్రం కుదరదు.

పాతకీలు (బూట్లు బాగుచేసే పని)

నేను కొట్టేసింది ఆవిడ మడమ సన్నం కాబట్టి తల్లీ. మీ మడమకి పట్టి కూర్చుంటే హాయిగా వేసుకోండి.

చిన్నక్క

ఈ చర్చలోనే ఒకటి అడగొచ్చా? మా అమ్మకి షుగరు. పాదాల్లో స్పర్శ తగ్గింది. చలికి కాళ్లు గడ్డకడుతున్నాయి అంటుంది. బ్యాటరీతో వేడెక్కే ఇన్‌సోల్స్ కొని బూట్లలో వేద్దామనుకుంటున్నాను.

నడకరాయుడు

అక్కా, డాక్టరుని అడక్కుండా అవి వేయకండి. స్పర్శ తగ్గిన పాదానికి వేడి ఎక్కువైనా తెలియదు, కాలి పుండు పడుతుంది. షుగరు ఉన్నవాళ్లకి అది మానడం కష్టం. అమ్మగారికి ముందు వైపు వెడల్పు, ఎత్తు ఉన్న బూటు, లోపల కుట్లు గుచ్చుకోనిది చూడండి. తొడిగే ముందు రోజూ లోపల చెయ్యి పెట్టి రాయో, మడతో ఉందేమో తడిమి చూడాలి. రాత్రి పాదాలు చూడటం మర్చిపోవద్దు.

పాతకీలు (బూట్లు బాగుచేసే పని)

ఆ చెయ్యి పెట్టి చూడటం అనేది మామూలు వాళ్లూ అలవాటు చేసుకోవచ్చు. లోపల ఊడిన మేకు నేను చాలా బూట్లలో చూశాను.

సాక్సుల_సంచి

సాక్సులకి ఒక లైను. కాటన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది. ఉన్ని, ముఖ్యంగా మెరీనో, తడిసినా కొంత వెచ్చగా ఉంటుంది, గుచ్చుకోదు. ఒక్క జత చాలు. సాక్సు అంచు బూటు అంచుకన్నా పైకి రావాలి, లేకపోతే తోలు కాలిని గీరుతుంది. బూటు పైన వేలెడంత ఉన్ని సాక్సు కనపడితే చూడటానికి కూడా బాగుంటుందని నా అభిప్రాయం, కుట్టుమిషన్ అక్క ఏమంటుందో.

కుట్టుమిషన్

స్కర్టు మీదా, మడిచిన జీన్స్ మీదా బాగుంటుంది. ఆఫీసు ప్యాంటు మీద వద్దు.

నీలిస్వెటర్

ఇన్ని సంగతులు! వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతున్నాను. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాని సంగతేంటి? మా పక్కింటావిడ బూట్ల మీద తెల్లటి గీతలు పడి తోలు పగిలిపోయింది.

తోలుపిచ్చి

ఉప్పు నీళ్లతో కలిసి తోలులోకి దిగుతుంది, ఆరినప్పుడు పైకి వచ్చి తెల్లగా గీతకడుతుంది. తోలులో ఉన్న నూనెని కూడా లాగేసుకుని ఎండబెడుతుంది, పగుళ్లు దానివల్లే. ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడిచేస్తే సగం పని అయిపోయినట్టు. అప్పటికే గీత పడితే ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి, గుడ్డని తడిపి పిండి, అద్దినట్టు తుడవండి. రుద్దకండి. తర్వాత మామూలు నీళ్ల గుడ్డతో ఇంకోసారి. ఆరాక తోలు క్రీము.

ఆరబెట్టడం హీటర్ మీద కాదు. వేడికి తోలు బిగిసి పగులుతుంది, సోల్ అతికించిన జిగురు వదులవుతుంది. ఇన్‌సోల్స్ తీసి, లోపల కాగితాలు కుక్కి, గది వేడికి వదిలేయండి. కాగితాలు తడిస్తే మార్చండి. ఒక్కో రోజుకి పూర్తిగా ఆరవు, అందుకే...

బురదరోడ్డు

అందుకే రెండు జతలు కావాలి అంటారు కదా! నేను మొదటి లైనులో చెప్పింది అదే.

తోలుపిచ్చి

ఆరడానికి రెండు జతలు వేరు, ఆఫీసుకీ దారికీ రెండు జతలు వేరు. సరే, రెండో జత ఉంటే మంచిదే. ఒప్పుకున్నాను, ఇక వదిలెయ్యండి.

మంచుగూడు

వెనిగర్ స్వెడ్ మీద వాడొచ్చా? నావి ముదురు నీలం స్వెడ్.

తోలుపిచ్చి

ముదురు రంగు మీద ముందు లోపలి అంచున ఒక చుక్క వేసి చూడండి. పూర్తిగా ఆరాక స్వెడ్ బ్రష్‌తో ఒకే దిక్కుకి దువ్వండి, నూగు లేస్తుంది. క్రీము, మైనం రాయకూడదు, నూగు అణిగిపోయి మచ్చ పడుతుంది. నీళ్లు ఆపే స్ప్రే మాత్రమే. కిటికీ తెరిచి కొట్టండి.

వేదిక_కాపరి (మోడరేటర్)

ఏ షాపులో కొనాలి, ఎంతకి దొరుకుతుంది అన్న పోస్టులు ఆరు తీసేశాను. వాటికి అమ్మకాల విభాగం ఉంది. చర్చ బాగా నడుస్తోంది, అలాగే కానివ్వండి.

రెండోచేతి

పాత బూట్లు కొనడం గురించి ఎవరైనా చెబుతారా? ఒకాయన అటక మీద డబ్బాలోనే ఉండిపోయిన మంచు బూట్లు అమ్ముతున్నాడు. ఒక్కసారి కూడా తొడగలేదట. కొత్తవే కదా అని చూస్తున్నాను.

పాతకీలు (బూట్లు బాగుచేసే పని)

ఎన్నేళ్ల కిందటివో అడగండి. సోల్ మధ్య పొర పాలీయూరిథేన్ అనే నురుగు ప్లాస్టిక్ అయితే గాలిలోని తేమకే మెల్లగా విరిగిపోతుంది. తొడగకుండా మూతపెట్టి ఉంచినా సరే, ఇంకా ముందే పోతుంది. పైకి కొత్తగా ఉంటుంది, నాలుగు అడుగులు వేయగానే ముక్కలై రాలుతుంది. మంచు మధ్యలో అడుగు ఊడితే తమాషా కాదు. సోల్ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కండి, పొడి రాలినా, పగులు కనపడినా వద్దు.

వెల్ట్ కుట్టున్న తోలు బూటయితే పాతదైనా భయం లేదు. సోల్ అంచు చుట్టూ తోలు పట్టీ, దాని మీద కుట్టు కనపడుతుంది. సోల్ అరిగితే విప్పి కొత్తది కుట్టొచ్చు. కొన్నింటిలో సోల్ అంచుకి అలంకారంగా ఉత్తి కుట్టు వేస్తారు, లోపల అంతా జిగురే. ఫొటోలు పెట్టండి, చూసి చెబుతాను.

నడకరాయుడు

లోతైన గాళ్ల రబ్బరు సోల్ కూడా ఊరికే రాలేదు. 1935లో ఆల్ప్స్‌లో సరైన బూట్లు లేక ఆరుగురు కొండెక్కేవాళ్లు చనిపోయారు. వాళ్లతో వెళ్లిన విటాలే బ్రమానీ 1937లో ఆ రబ్బరు సోల్ తెచ్చాడు. విబ్రమ్ అన్న పేరు ఆయన పేరులోంచే. సోల్ తర్వాత చూద్దాంలే అనే వాళ్లకి ఇది చెబుతుంటాను.

నీలిస్వెటర్

నిన్న సాయంత్రం ఉన్ని సాక్సులు పట్టుకుని వెళ్లాను. తీసుకున్నది ముదురు గోధుమ రంగు తోలు, చీలమండకి కాస్త పైన ఆగుతుంది, లేసులు, 200 గ్రాముల లైనింగ్, లోపల వాటర్‌ప్రూఫ్ పొర, నాలుక పక్కలా కుట్టి ఉంది. డీ వెడల్పు అడిగితే లోపలి నుంచి తెచ్చి ఇచ్చారు. సోల్ బాల్కనీ పరీక్ష పాసైంది. బురదరోడ్డు గారి మాట విని బల్ల కింద పాత లోఫర్లు కూడా పెట్టాను. ముల్లుల పట్టీలు ఇంకా కొనాలి.

ఇంట్లో నడిచి చూస్తే మెట్లు దిగేటప్పుడు మడమ కొద్దిగా లేస్తోంది. వేళ్లకి ముందు ఖాళీ సరిగ్గానే ఉంది. మార్చేయాలా?

పాతకీలు (బూట్లు బాగుచేసే పని)

ఎంత లేస్తోంది? కొత్త తోలు గట్టిగా ఉంటుంది కాబట్టి మొదట్లో కొంచెం లేస్తుంది, సోల్ వంగడం మొదలయ్యాక తగ్గుతుంది. వేలి మందం కన్నా తక్కువైతే ఉంచుకోండి.

ఇప్పటికి లేసు కట్టే తీరు మార్చండి. కింద వేళ్ల వైపు వదులుగా వదిలేయండి, మీది వెడల్పు పాదం కదా. పాదం పైకి వంగే చోటికి వచ్చాక రెండు లేసుల్నీ ఒకదాని చుట్టూ ఒకటి రెండుసార్లు తిప్పి బిగించండి, ముడి వేయకుండా. ఆ తిప్పిన చోట బిగువు నిలిచిపోతుంది, కింది వదులు కిందే ఉంటుంది, పైన మడమని పట్టి కట్టుకోవచ్చు. కట్టేటప్పుడు మడమని నేలకి తట్టి వెనక్కి కూర్చోబెట్టాలి, వేళ్లు పైకి లేపి. అలా ఇంట్లోనే ఓ వారం వేసుకుని తిరగండి, బయట వేస్తే వెనక్కి తీసుకోరు. అప్పటికీ లేస్తే మడమ దగ్గర అతికించే పలుచటి ప్యాడ్ ఒకటి సరిపోతుంది.